ఉగ్గుగిన్నెకు ఎన్ని ఎమ్మెల్?

మచిలీపట్నంలో నర్సింగు చదివేటప్పుడు మా క్లాసులో లెక్కల పులిని నేనే. మందుల పాత కొలతలను మెట్రిక్‌లోకి మార్చమంటే తోటివాళ్లకు జ్వరం వచ్చేది, నాకు పూనకం వచ్చేది. గ్రెయిన్‌కు అరవై మిల్లీగ్రాములు, డ్రాముకు నాలుగు ఎమ్మెల్, ఔన్సుకు ముప్ఫై. గుడివాడ నుంచి వచ్చే రైల్లో రోజూ పైకే వల్లించేదాన్ని. ఏదో స్తోత్రమనుకుని ఎదుటి సీటావిడ కాళ్లు ముడుచుకుని కూర్చునేది. ఇంట్లో అమ్మ కాఫీ ఇస్తే, "ఇది నాలుగు ఔన్సులే ఉంది" అనేదాన్ని.

"తాగితే తాగు, లేకపోతే పిల్లి తాగుద్ది" అనేది అమ్మ.

ఉద్యోగంలో చేరాక గ్రెయిన్ నాకు ఎక్కడా ఎదురుపడలేదు. అన్నీ మిల్లీగ్రాములే. అయినా నా గర్వానికి ఏ లోటూ రాలేదు.

దివిసీమలో ఒక చిన్న ఆసుపత్రిలో పనిచేస్తున్నప్పుడు, పాలకాయతిప్ప వైపు నుంచి చేపలమ్ముకునే ఒకమ్మాయి ఏడాది కూతురిని ఎత్తుకొచ్చింది. పాపకు జ్వరం. డాక్టరుగారు సిరప్ రాశారు. సీసాకు కొలత మూత లేదు.

"ఆరేసి గంటలకు ఒక టీస్పూను పట్టమ్మా" అన్నాను. అక్కడితో ఆపితే నేనెందుకవుతాను? "టీస్పూనంటే ఐదు ఎమ్మెల్, పాత లెక్కలో డ్రాముంబావు" అని ఎవరూ అడక్కుండానే సెలవిచ్చాను. ఆ అమ్మాయి బుద్ధిగా తలూపి వెళ్లింది.

మర్నాడు పొద్దున్నే పాపనెత్తుకుని మళ్లీ వచ్చింది. "మందు అయిపోవచ్చిందండి, ఇంకో సీసా ఇప్పించండమ్మా."

అరవై ఎమ్మెల్ సీసా. మూడు రోజులు రావాలి. "దేంతో పట్టావు?"

సంచిలోంచి ఉగ్గుగిన్నె తీసింది. ముక్కున్న చిన్న ఇత్తడి గిన్నె. "దీంతోనేనండి. రాత్రొకటి, తెల్లారొకటి."

సిరంజితో నీళ్లు పోసి కొలిచాను. ఇరవై ఎమ్మెల్. నేను చెప్పినదానికి నాలుగింతలు.

"మొత్తం ఎన్ని మిల్లీగ్రాములు పడ్డాయి?" అని డాక్టరుగారు అడిగారు. క్లాసులో ఫస్టు వచ్చిన నేను సీసా తిప్పి చూశాను, ఐదు ఎమ్మెల్‌కు నూటపాతిక మిల్లీగ్రాములు. ఎనిమిది నూటపాతికలు ఎంతో వేళ్ల మీద లెక్కపెట్టి, "వెయ్యండి" అన్నాను. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట, నా సంగతి అదే.

"నా పిల్లకేమన్నా అవుద్దా అండి?" అని ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. నేను డాక్టరుగారి వైపు చూశాను.

పాపను ఆసుపత్రిలోనే ఉంచారు, రక్తపరీక్ష చేయించారు. సాయంత్రానికి జ్వరం తగ్గి, ఆ పిల్ల నా స్టెతస్కోపు నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. ప్రమాదమేమీ లేదన్నారు డాక్టరుగారు. నాకు ఏడుపొచ్చింది. ఏడుపు ఆగగానే అధికారం కూడా తిరిగొచ్చింది.

"టీస్పూనంటే ఏంటో తెలియకపోతే నన్ను అడగొచ్చు కదమ్మా?" అన్నాను.

ఆ అమ్మాయి తల దించుకుంది. "అడుగుదామనే అనుకున్నానండి. నా ముందొచ్చిన ముసలావిడ ఇదే మాట అడిగితే మీరు నవ్వారు కదా, అందుకని ఊరుకున్నాను."

నవ్విన సంగతే నాకు గుర్తులేదు. ఆ ముసలావిడ ఏ మందు పట్టుకెళ్లిందో అంతకన్నా గుర్తులేదు.