ఆయుధపూజ నాడు తెరిచిన తలుపు

ఆఫీసర్లకి ఇంకా అంబాసిడర్ కార్లే హోదాగా ఉండి, చిన్న వ్యాన్లు అప్పుడప్పుడే ప్రభుత్వ షెడ్లలోకి వస్తున్న కాలంలో, ఒక జూన్ ఒకటో తేదీన నేను యానాం నుంచి బదిలీ మీద వచ్చి పుదుచ్చేరి పట్టణంలోని ప్రభుత్వ వాహనాల వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా చేరాను. మా ప్రభుత్వంలో బదిలీ అంటే నాలుగు చోట్లే: పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం. ఒకదానికొకటి ఆనుకోని నాలుగు ముక్కలు. నా భార్యాపిల్లలు గోదావరి ఒడ్డున యానాంలోనే ఉండిపోయారు. నేను నెల్లితోపులో ఒక గది అద్దెకు తీసుకుని, చేరిన వారంలోనే తిరుగు బదిలీకి దరఖాస్తు పెట్టుకున్నాను.

వర్క్‌షాపుకి పెద్ద వర్క్స్ సూపరింటెండెంట్. ఆయన కింద ఇద్దరు ఫోర్‌మన్లం. ఇంజను, గేరుబాక్సు పనులు నావి. బాడీ, తలుపులు, కరెంటు వైరింగు రెండో ఫోర్‌మన్‌వి. ఆ రెండో ఫోర్‌మన్ పేరు కె. రంగస్వామి. అందరూ రంగన్ అనేవారు. ముదలియార్‌పేటలో తరాల కిందట స్థిరపడిన తెలుగు కుటుంబం. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా అందులో సగం తమిళం. తెలుగు అక్షరం ఒక్కటి చదవలేడు. నేను చేరిన రోజున ఎదురొచ్చి, "ఏంది రావన్నా, మన బాస మాట్లాడే మనిసి వచ్చినారని శానా సంతోసం!" అని, నా పేరు చివర అన్న తగిలించి, నా సంచీ అందుకున్నాడు. ఆ సంతోషం నావైపు నుంచి నెల తిరక్కుండానే ఆవిరైపోయింది.

కారణం తాళాలు. బండి లోపల తాళంచెవి మరిచిపోయి తలుపు వేసేసుకోవడం డ్రైవర్లకి కొత్త కాదు. ఆ రోజుల్లో తలుపు లోపల అద్దం అంచున ఒక బొడిపె ఉండేది. మేం నాబ్ అనేవాళ్ళం. దాన్ని నొక్కి తలుపు వేస్తే లాక్ పడిపోయేది. అలాంటి కబురు వస్తే మాకో పద్ధతి ఉంది. ముందు డ్రైవరు ఎవరో, బండి ఏ శాఖదో రుజువు చూడాలి. ఎందుకంటే తాళం లేకుండా బండి తెరిచే విద్య దొంగకీ మెకానిక్కీ ఒకటే. తరవాత స్పేరు తాళం అడగాలి. అది దొరక్కపోతేనే పనిముట్టు బయటికి తీయాలి. అద్దం పగలగొట్టడం చిట్టచివరి మాట, దానికి సూపరింటెండెంటు అనుమతి ఉండి తీరాలి. చిన్న అద్దమే కదా, చవకేనని మూల అద్దం పగలగొట్టేవాళ్ళని చూశాను. బజార్లో పెద్ద అద్దం దొరికినంత సులువుగా ఆ చిన్నది దొరకదు.

రంగన్ దగ్గర ఒక ఉక్కు పట్టీ ఉండేది. మూర పొడవు, వేలెడు వెడల్పు, చివర ఒక గంటు. అద్దానికీ దాని కింది రబ్బరు బీడింగుకీ మధ్య దాన్ని దించి, తలుపు లోపల లాక్‌ని కదిలించే కడ్డీ కోసం చేత్తో వెతుక్కుంటూ పోవాలి. కంటికి ఏమీ కనబడదు, అంతా వేళ్ళకి తెలియాలి. కడ్డీ గంటులో పడ్డాక మెల్లగా పైకి లాగితే నాబ్ టక్కున లేస్తుంది. రంగన్ ఆ పట్టీ దించేటప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళతో కబుర్లు చెప్పేవాడు, ఆకాశం చూసేవాడు, ఒక్కోసారి పాట కూడా పాడేవాడు. తలుపు తెరుచుకోగానే వంగి, మహారాజుకి దారి చూపినట్టు చెయ్యి చాపేవాడు. ఆఫీసర్లు చప్పట్లు కొట్టేవారు. నేను గేరుబాక్సు మొత్తం విప్పి బిగించినా ఒక్కడూ చప్పట్లు కొట్టలేదు. బాగైన గేరుబాక్సుకి ఎవరు చప్పట్లు కొడతారు?

ఓసారి రంగన్ సెలవులో ఉండగా నేనూ ఒక పట్టీ చేయించి అంబాసిడర్ తలుపులోకి దించాను. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టయింది. కడ్డీ గంటులో పడటానికి బదులు క్లిప్పులోంచి ఊడిపోయింది. అది ఊడితే అసలు తాళంచెవి పెట్టి తిప్పినా తలుపు రాదు. మర్నాడు రంగన్ వచ్చి, రెండో వైపు తలుపు తెరిచి, లోపల్నుంచి అట్ట విప్పి, కడ్డీని మళ్ళీ క్లిప్పులో కూర్చోబెట్టాడు. చేతులు తుడుచుకుంటూ, "ఏంది రావన్నా, యానాంలో బండ్లకి తలుపులుండవా?" అన్నాడు. షెడ్డు షెడ్డంతా నవ్వింది. వాడు వేళాకోళానికే అన్నాడని నాకూ తెలుసు. అయినా నాకు కడుపు మండిపోయింది.

దాపరికం ఎందుకు, అది ఉత్త అసూయ. వాడి పనితనం మీద కొంత, వాడికి ఊరంతా తెలిసి ఉండటం మీద కొంత. అన్నిటికంటే ఎక్కువగా, సాయంత్రం అయ్యేసరికి వాడు ముదలియార్‌పేటలో పెళ్ళాం చేతి కాఫీ తాగుతుంటే నేను నెల్లితోపు గదిలో పాలపొడి కలుపుకోవడం మీద.

ఆ సంవత్సరం దసరా ముందు యానాం వర్క్‌షాపు ఇన్‌ఛార్జి పదవీ విరమణ చేస్తున్నట్టు తెలిసింది. అక్కడికి వెళ్ళాల్సింది మా ఇద్దరిలో ఒకరే. ఎవరిని పంపాలో రాసి పంపేది మా సూపరింటెండెంటు సభాపతి గారు. తక్కువ మాట్లాడే తమిళ పెద్దమనిషి. నా దరఖాస్తు ఆయన బల్ల మీదే ఉంది. రంగన్‌కి ఆ పోస్టు అక్కర్లేదు. "ఆ ఊరు యాడుందో మా నాయినకి కూడా తెలీదన్నా. నువ్వే పో, నేను కండిప్పా, కచ్చితంగా అడగను," అని నాతో ఒట్టేసి చెప్పాడు. కాబట్టి నేను చేయవలసిందల్లా నోరు మూసుకుని, చేతులు కట్టుకుని, ఉత్తర్వు వచ్చేదాకా ఆగడమే. అదే నావల్ల కాలేదు.

ఆయుధపూజ సెలవుకి ముందురోజు మధ్యాహ్నం అన్ని ఆఫీసుల్లోలాగే మా షెడ్డులోనూ పూజ. పుదుచ్చేరిలో దీన్ని ఎంత పట్టింపుగా చేస్తారో చూసినవాళ్ళకే తెలుస్తుంది. స్పానర్లు, సుత్తులు, జాకీలు, హాక్సా బ్లేళ్ళు, ఇనప స్కేళ్ళతో సహా ప్రతి పనిముట్టునీ కడిగి, గంధం కుంకుమ పెట్టి, దేవుడి పటం ముందు పేర్చుతారు. ఒకసారి పూజలో పెట్టాక విజయదశమి పొద్దున మళ్ళీ హారతి ఇచ్చేదాకా ఒక్కదాన్నీ కదపకూడదు. రంగన్ తన ఉక్కు పట్టీకి పట్టుగుడ్డ చుట్టి, పటానికి దగ్గరగా అన్నిటికంటే ముందు పెట్టాడు. నాకు అదీ కంటగింపే.

బయట శాఖల బళ్ళు కూడా పూజకి వచ్చాయి. వాటిలో ఆరోగ్య శాఖ వ్యాను ఒకటి. అందులో పిల్లల టీకాల ఐసుపెట్టెలు ఉన్నాయి. పూజ కాగానే వాటిని కురుచికుప్పంలో జాలర్ల పిల్లలకి జరుగుతున్న టీకాల శిబిరానికి చేర్చాలి. వ్యాను డ్రైవరు మురుగేశన్ భక్తిపరుడు. తాళంచెవికి కూడా పూజ జరగాలని దానికి కుంకుమ బొట్టు పెట్టి, లోపల డాష్‌బోర్డు మీద వినాయకుడి బొమ్మ ముందు ఉంచాడు. ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని అన్ని తలుపుల నాబ్‌లూ నొక్కి, తలుపులు వేసి, హారతి కోసం ఎదురుగా చేతులు జోడించి నిలబడ్డాడు. కొబ్బరికాయ కొట్టాక గానీ తాను చేసింది వాడికి తెలియలేదు.

స్పేరు తాళం ఆరోగ్య శాఖ ఆఫీసు బీరువాలో ఉంది. బీరువా తాళం ఉన్న గుమాస్తా పండక్కి ఊరెళ్ళిపోయాడు. ఎండ మండుతోంది. వ్యానుతో వచ్చిన డాక్టరమ్మ గారు గడియారం చూసుకుంటూ, ఐసు కరిగితే మందంతా పారబోయాలని, అవతల తల్లులు పిల్లల్ని ఎత్తుకుని నిలబడి ఉంటారని సభాపతి గారికి చెప్పారు. అందరూ రంగన్ వైపు తిరిగారు.

రంగన్ పటం వైపు తిరిగి చేతులు జోడించాడు. "పూజలో పెట్టింది ఎత్తకూడదు సార్. మా తాత కాలం నుంచి ఎత్తలేదు. నేనెత్తను," అన్నాడు. సభాపతి గారు అడిగారు, డాక్టరమ్మ గారు బతిమాలారు. వేరే ఏదైనా పట్టీ వాడమంటే, షెడ్డులో ఇనుమన్నదంతా పటం ముందే ఉందని చూపించాడు. అద్దం పగలగొట్టమని చెప్పడానికి సభాపతి గారికీ నోరు రాలేదు. పూజ చేసిన బండి అద్దం హారతి ఆరకముందే పగలగొట్టే మనిషి ఆ షెడ్డులో లేడు.

అప్పుడు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది. టీకాలూ, పసిపిల్లలూ తరవాత. రంగన్ చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు! నేను గబగబా వెనకనున్న స్క్రాపు షెడ్డుకి నడిచాను. పారేసిన సామానుకి ఎవరూ బొట్టు పెట్టరు. విడిభాగాల పెట్టెలకి కట్టి వచ్చే ప్లాస్టిక్ పట్టీ ఒకటి, పాత టైరు లోపలి దళసరి రబ్బరు ముక్క ఒకటి ఏరుకొచ్చాను. అటువంటి పట్టీతో తలుపు తెరవడం యానాంలో ఒక లారీ డ్రైవరు దగ్గర చూసి ఉన్నాను.

ఈ పద్ధతిలో తలుపు లోపలి కడ్డీ జోలికి పోనక్కర్లేదు. తలుపు పై మూలని చేత్తో కాస్త లాగి పట్టి, ఆ సందులో రబ్బరు ముక్క దోపితే పెయింటు గీసుకోకుండా ఖాళీ నిలుస్తుంది. పట్టీని మధ్యకి మడిచి ఆ ఖాళీలోంచి లోపలికి దించి, రెండు కొసలూ ఎదురెదురుగా తోస్తే లోపల అది ఉచ్చులా విచ్చుకుంటుంది. ఉచ్చుని నాబ్ తలకి తగిలించి, బిగించి, పైకి లాగాలి. నాబ్ తల గుండ్రంగా ఉబ్బుగా ఉంటేనే పట్టు దొరుకుతుంది. నున్నటి నాబ్‌లకి ఇది పనికిరాదు. అదృష్టం కొద్దీ ఆ వ్యానుకి ఉబ్బు తలే ఉంది. పైగా అద్దంలోంచి అంతా కంటికి కనిపిస్తుంది కాబట్టి రంగన్‌లాగా ఆకాశం చూడక్కర్లేదు.

ఉచ్చు రెండుసార్లు జారింది. వెనక నుంచి రంగన్, "కొంచెం ఎడమకి అన్నా, ఎడమకి," అన్నాడు. వాడి సలహా వినడం ఇష్టంలేక కుడికి జరిపి చూశాను. తగల్లేదు. ఎడమకి జరిపితే తగిలింది. నాబ్ లేచింది. నేను తలుపు తెరిచి, కాస్త వంగి, డాక్టరమ్మ గారికి చెయ్యి చాపి దారి చూపించాను. షెడ్డంతా చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టింది రంగనే. అది కూడా నాకు నచ్చలేదు.

వ్యాను కురుచికుప్పం సకాలంలో చేరింది. మందు చెడలేదు.

సెలవులయ్యాక సభాపతి గారు నన్ను తన గదికి పిలిపించి, ఎదురుగా కుర్చీ చూపించారు. అంతకుముందు ఎప్పుడూ కూర్చోమనలేదు. ఇంజను పని తెలిసినవాడు, అవసరానికి బాడీ పని కూడా చక్కబెట్టగలవాడు, పట్టింపులకి పోనివాడు ఈ వర్క్‌షాపుకి తప్పనిసరి అని ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పారు. నేను ఉబ్బిపోయాను. ఆ తరవాతి మాటతో కుర్చీలో బిగుసుకుపోయాను. అందుచేత నన్ను వదలలేనని, యానాంకి రంగస్వామి పేరు రాసి పంపేశానని అన్నారు. నా దరఖాస్తు సంగతి గుర్తుచేశాను. చూశానన్నారు. సమర్థుడైన ఉద్యోగి కుటుంబానికి దూరంగా ఉండటం తనకీ బాధగానే ఉందన్నారు. కోరి కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో ఆ కుర్చీలో నాకు తెలిసొచ్చింది.

రంగన్ తిట్టుకుంటూనే బయల్దేరాడు. బస్టాండులో నన్ను పట్టుకుని, "నీ ఊరికి నేను, నా ఊరికి నువ్వు. ఏంది అన్నా ఈ అన్నేయం?" అని కళ్ళు తుడుచుకున్నాడు. వాణ్ణి ఓదార్చాల్సి వచ్చింది.

ఆ ఏడుపు ఎక్కువ కాలం నిలవలేదు. ఆదివారాల్లో నెల్లితోపు ఎస్టీడీ బూతు నుంచి ఇంటికి ఫోన్ చేస్తే మా ఆవిడ వాడి గురించే చెప్పేది. "రంగన్ అన్నయ్యగారు ఎంత మంచివారోనండి! మన స్కూటరు తాళం నూతిలో పడిపోతే ఆయనే వచ్చి హ్యాండిల్ లాకు తీసిచ్చేరు. పిల్లలు మావయ్యా మావయ్యా అని వదలటం లేదు." మరుసటి వానాకాలం పులస చేప వచ్చినప్పుడు మా ఇంటి పులుసు గిన్నెడు వాడికి వెళ్ళింది. పిల్లలు వాడికి అఆలు నేర్పారు. వాడు తెలుగులో రాసిన మొదటి ఉత్తరం నాకే వచ్చింది. గోదారి గాలి తనకి బాగా పడిందని, నేను కూడా ఎప్పుడైనా యానాం వచ్చి చూడాలని, ఊరు చాలా బాగుంటుందని రాశాడు. ఆ ఉత్తరానికి నేను జవాబివ్వలేదు. మరో మూడు దసరాలు పుదుచ్చేరి షెడ్డులోనే గడిచాయి. తాళం పడిన ప్రతి బండికీ నన్నే పిలిచేవారు.

ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళు ఎవరైనా అడిగితే ఈ సంగతి చెబుతుంటాను. ఆఫీసులో ఎవరినైనా వదలాల్సి వస్తే, లేకపోయినా పని ఆగనివాణ్ణే వదులుతారు. బదిలీ కోరుకునేవాడు దరఖాస్తు మీద సంతకం పెట్టిన రోజు నుంచి ఉత్తర్వు చేతికొచ్చేదాకా మామూలు పనివాడిగా ఉండాలి. పక్కవాడు ఓడిపోతుంటే సాయానికి వెళ్ళకూడదు, పోటీకి అసలే వెళ్ళకూడదు.