గుట్ట మీద వట్టివేరు, మేకల మీద నింద

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ కాలంలో, చేసిన పని పదిమంది కంటపడకపోతే చేయనట్టేనని నాకొక నమ్మకం ఉండేది. సురంగల్ దగ్గర మేకలు మేసే గుట్ట మీద, వానకు మట్టి కొట్టుకుపోకుండా వాలుకు అడ్డంగా వట్టివేరు గడ్డి నాటించడం నా పని. దాని గొప్పంతా వేరులో ఉంది, వేరేమో భూమిలో ఉంది. చూడవచ్చిన సార్లకు ఎలా చూపించాలి? (ఈ బెంగతో అన్నం సహించేది కాదు.) చివరికి బాట పక్కన ఒక దుబ్బు పీకి చూపించాను. మూరెడు వేరు చూసి పెద్దసారు తల ఊపారు. అంతే, జీపులోంచి ఎవరు దిగినా అక్కడే ఒక దుబ్బు పీకడం, వాళ్ళు వెళ్ళాక మళ్ళీ గుంతలో కుక్కి కాలితో తొక్కడం. అవి ఎండిపోయేవి.

పెద్ద వాన పడ్డ మర్నాడు వెళ్తే గడ్డి వరస అంతా నిలిచే ఉంది, నేను పీకిన చోట మాత్రం మనిషి లోతు గండి. గుట్ట మట్టి కింది చెలకల్లో పరుచుకుంది. మధ్యాహ్నం పెద్దసారు వస్తారు, నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. "గిది ఎట్లయింది సారూ?" అన్నారు ఊరివాళ్ళు. ఎదురుగా కనబడినవి, రోజూ ఆ గుట్ట మీదే మేపుకునే మేకల అవ్వ మేకలు. "మేకలు..." అన్నాను. ఆ మాట చాలింది. ఆ యేడు అవ్వను గుట్ట ఎక్కవద్దన్నారు.

అందరూ వెళ్ళాక అవ్వ ఒక ఎండు దుబ్బు చేతికి తీసుకుంది. "మేకయితే పైన కొరుకుతది బిడ్డా. పీకి, మల్ల గుంతల పెట్టి తొక్కుతదా?"

"నీకు తెలుసా అవ్వా? మరి చెప్పలేదేం?"

"చెప్తే నీ నౌకరి పోతుండె. నా మేకలు ఎంకపల్లి దిక్కు పోతయి, జర దూరం, గంతే. ఫికర్ చెయ్యకు. మీ సారొస్తే ఇగ పీకకు."

ఆ వానాకాలమంతా ఆమె మేకలతో ఎంకపల్లి దాకా నడిచింది. నేను గండికి రాళ్ళు పేర్చి, గడ్డి నాటించి, పర్మనెంటు అయ్యాను. ఊళ్ళో దాన్ని ఇప్పటికీ మేకల గండి అంటారు. అది తప్పు. అది నా గండి.

ఇప్పుడు మొయినాబాద్‌లో మా ఇంటి కుండీలో ఒక వట్టివేరు దుబ్బు పెరుగుతోంది. వేరు ఎంత దిగిందో చూడాలని ఈ వయసులోనూ చెయ్యి ముందుకు పోతుంది. నీళ్ళు పోసి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడతాను.