బార్లీ కుటుంబం కోసం ప్రార్థన

అమెరికా వచ్చిన కొత్తలో నాకు కారు లేని కాలం ఒకటి ఉండేది. బెంటన్‌విల్‌లో కారు లేకపోతే కాళ్లు లేనట్టే. పైగా ఎక్కడికి వెళ్తున్నామో, ఎందుకు వెళ్తున్నామో తీసుకెళ్లేవాళ్లకి చెప్పుకోవాలి. నన్ను తీసుకెళ్లేది మా తెలుగు చర్చి పాస్టరమ్మ గారు. వాళ్ల మేడమీద గదిలోనే ఉండేదాన్ని. "మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ నువ్వు మా పిల్లవే" అనేవారు. ఆ మాటలో ప్రేమ ఎంత ఉండేదో నిఘా కూడా అంతే ఉండేది. అప్పట్లో నాకు రెండోదే కనిపించేది. ఇరవై నాలుగేళ్లు, బాపట్ల వదిలి రెండేళ్లు, తెలివి అనేది నాతోనే పుట్టిందన్న గట్టి నమ్మకం.

ఊళ్లో ఒక చిన్న ఏజెన్సీలో కాంట్రాక్ట్ ఉద్యోగం చేసేదాన్ని. దుకాణాల్లో సరుకుల పక్కన నిలబెట్టే అట్టబోర్డుల మీద రెండు మంచిమాటలు రాయడం పని. సబ్బుల గురించీ కుక్క బిస్కెట్ల గురించీ రాసి రాసి విసిగిపోయి ఉండగా, కాంట్రాక్ట్ ముగిసే ముందు మా మేనేజర్ (నెరిసిన జుట్టు, నవ్వని మొహం, మనసులో 'హెడ్మిస్ట్రెస్' అని పిలుచుకునేదాన్ని) నా ముందు ఒక ఫైలు పెట్టింది. చెక్ దేశపు పాత లాగర్ బీరు. దాని చరిత్ర ఒక పేజీలో రాసి, కంపెనీ వాళ్ల ముందు చదవాలి. నచ్చితే ఉద్యోగం పర్మనెంట్, వీసా కూడా ఫైల్ చేస్తారు. నచ్చకపోతే ఇంటికే.

చిన్నప్పుడు సండే స్కూల్లో, మత్తుపానీయం జన్మలో ముట్టనని చెయ్యెత్తి ప్రమాణం చేసినదాన్ని. అయితే ఆవిడ నన్ను ముట్టమనలేదు, రాయమంది, అంతే కదా అని సర్దిచెప్పుకున్నాను. (నాకు నేను సర్దిచెప్పుకోవడంలో నాది అందెవేసిన చెయ్యి.)

మూడుసార్లు రాశాను. "ఇది వాషింగ్ మెషీన్ మాన్యువల్‌లా ఉంది" అని మూడుసార్లూ తిప్పికొట్టింది. ఆ ఆదివారం చర్చిలో ఒక అంకుల్ లేచి సాక్ష్యం చెప్పారు. ఎలా ఉండేవాణ్ణి, ఎలా పడిపోయాను, ఎలా లేచి నిలబడ్డాను అని ఆయన చెబుతుంటే అందరూ కళ్లు తుడుచుకుంటున్నారు. నాకేమో లోపల లైటు వెలిగింది. నాకు పుట్టినప్పటినుంచి తెలిసిన కథ అదొక్కటే. సాయంత్రం కూర్చుని బీరు చేత సాక్ష్యం చెప్పించాను. మొదట మఠంలో సన్యాసుల చేతుల్లో పుట్టింది. ఊరు తగలబడితే గోడలు నల్లబడ్డాయిగానీ నేలమాళిగ బతికింది. ఆ చల్లని చీకట్లో నెలల తరబడి ఓపిగ్గా ఎదురుచూడటమే లాగర్ పుట్టుక. యుద్ధం వచ్చింది. ప్రభుత్వం లాక్కుంది. యజమానిగా ఉన్న తాత తన సొంత ఇంట్లోనే కూలివాడై పీపాలు కడిగాడు. ఏళ్లు గడిచాక ఆ తాళాలు మళ్లీ మనవరాలి చేతికొచ్చాయి.

పాస్టరమ్మ గారి కారులో వెళ్తూ, పైకి చదివి ప్రాక్టీస్ చేశాను. 'బీరు' వచ్చిన చోటల్లా 'అది' అని మార్చి చదివాను. తాత పీపాలు కడిగే చోటికి వచ్చేసరికి పాస్టరమ్మ గారు కళ్లు ఒత్తుకున్నారు.

"ఎవరి సాక్ష్యమే ఇది?"

"చెక్ దేశంలో ఒక పాత కుటుంబం, అమ్మగారూ."

"పాపం, ఏం చేస్తారు వాళ్లు?"

"బార్లీ పనండీ."

"బార్లీనా? ప్రభువు అయిదు వేల మందికి పంచిన రొట్టెలు కూడా బార్లీవే కదమ్మా."

"అవునండీ" అన్నాను, 'బార్లీ' అన్న నా తెలివికి నేనే మురిసిపోతూ.

అక్కడితో ఆగితే బావుండేది. శుక్రవారం స్త్రీల కూడికలో ప్రార్థన లిస్టులోకి 'చెక్ దేశపు బార్లీ కుటుంబం' చేరింది. ఒక ఆంటీ మోకాలి ఆపరేషన్‌కీ, ఇంకొక ఆంటీ కొడుకు గ్రీన్ కార్డుకీ మధ్య, వారం వారం వాళ్ల పేరున ప్రార్థన. కాకినాడ ఆంటీ అయితే ఒకపూట ఉపవాసం కూడా పట్టింది. నేను తలవంచుకుని అందరికంటే గట్టిగా ఆమెన్ అనేదాన్ని. ఈలోగా కంపెనీ వాళ్లకు నా పేజీ తెగ నచ్చింది. ఉద్యోగం పర్మనెంట్ అయింది. దానికీ స్తోత్రం చెప్పించారు పాస్టరమ్మ గారు.

ఒక శనివారం, మర్నాడు చర్చిలో రొట్టెతో పాటు పంచే ప్రభు బల్లకి ద్రాక్షరసం కొనడానికి ఇద్దరం దుకాణానికి వెళ్లాం. జ్యూసుల వరస మలుపు తిరగ్గానే మనిషంత ఎత్తు అట్టబోర్డు. దాని మీద నా పేజీ, దాని కింద బీరు సీసాలు. పాస్టరమ్మ గారు కళ్లజోడు పెట్టుకున్నారు. పెదాలు కదుపుతూ మొదటి మాట నుంచి తాళాల దాకా ఒక్క ముక్క వదలకుండా చదివారు. ఒక సీసా మీద వేలు పెట్టి, కాలినట్టు వెనక్కి తీసుకున్నారు.

"ఇదేనా?"

"ఇదేనండీ."

ద్రాక్షరసం తీసుకుని బిల్లు కట్టడానికి వెళ్లిపోయారు. దారిలో ఎప్పుడూ పెట్టే క్రైస్తవ పాటలు ఆ రోజు పెట్టలేదు. వారమంతా నాకు అన్నం వడ్డించారుగానీ నా మొహం చూడలేదు. తిట్టి గది ఖాళీ చేయమన్నా భరించేదాన్ని. ఆ ఇల్లు పోతుందన్న భయం కంటే ఆవిడ పోతారన్న భయమే ఎక్కువగా ఉందని అప్పుడు తెలిసొచ్చింది.

శుక్రవారం కూడికలో కాకినాడ ఆంటీ, "మన బార్లీ వాళ్లెలా ఉన్నారమ్మా?" అంది. పాస్టరమ్మ గారు నా వైపు చూశారు. ఆవిడ చెప్పరని అర్థమైంది. నేనే లేచి నిలబడ్డాను.

"వాళ్లు తయారుచేసేది బీరండీ. దాచిపెట్టాను. నన్ను క్షమించండి."

కాకినాడ ఆంటీ మెల్లగా, "అంటే నేను ఉపవాసం ఉన్నది బీరు కంపెనీ కోసమా?" అంది.

"మనం ప్రార్థన చేసింది మనుషుల కోసం" అన్నారు పాస్టరమ్మ గారు. "లిస్టులో ఉంచండి. ఇప్పుడు ఇంకా అవసరం."

గండం గడిచిందనుకున్నాను. అందరూ వెళ్లాక వంటింట్లోకి వెళ్లి, "అబద్ధం చెప్పాను అమ్మగారూ" అన్నాను.

ఆవిడ కాఫీ కప్పులు కడుగుతున్నారు. "లేదమ్మా. వారం నుంచీ వెతుకుతున్నాను. నువ్వు చెప్పినదాంట్లో ఒక్క అబద్ధమూ దొరకలేదు. అబద్ధమాడి ఉంటే, చిన్నపిల్ల, భయపడిందిలే అనుకునేదాన్ని. ఒక్క అబద్ధం కూడా లేకుండా ఇంతమందిని మోసం చేయడం ఎక్కడ నేర్చుకున్నావే?"

నా ఉద్యోగమే అదండీ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. తుడిచే గుడ్డ అందుకుని ఆవిడ పక్కన నిలబడ్డాను. కాసేపటికి ఒక కప్పు నా చేతికిచ్చారు.

ఇప్పుడు నార్త్ కరోలినాలో, క్యారీ అనే ఊళ్లో ఉంటున్నాను. నా కిందా నలుగురు పిల్లలు రాస్తున్నారు. అప్పుడప్పుడు ఎవరైనా మెరిసిపోతూ ఒక పేజీ తెచ్చి, "ప్రతి మాటా నిజమే, చెక్ చేసుకోండి" అంటారు. "మీ అమ్మకి ఒక్క మాటైనా మార్చకుండా చదివి వినిపించగలవా?" అని అడుగుతాను. ఇదేం రూలు అని వాళ్లు నవ్వుతారు. ఆ ఇరవై నాలుగేళ్ల తెలివైన పిల్లను తలుచుకుని నేనూ నవ్వుతాను, వాళ్లకంటే కాస్త ఆలస్యంగా.