వేడి తెలియని చెయ్యి

ఆ రోజు నరసరావుపేటలో మా షెడ్డు ముందు రాజు బుల్లెట్టు స్టార్ట్ చేసి ఉంది. రాజు పత్తి వ్యాపారి కొడుకు. వాడి బండికి కొత్త సైలెన్సర్ బిగించి, పక్కనే గొంతుక్కూర్చుని శబ్దం వింటున్నాను. లేవబోతూ కుడిచెయ్యి ఆసరాగా ఆనించాను. చర్మం కాలిన వాసన వచ్చింది. నాతో కలిసి షెడ్డు నడిపే మస్తాన్ భాయ్ పరుగున వచ్చి నా చెయ్యి లాగేశాడు.

"ఒరేయ్ కోటీ, పైపు మీద పెట్టావు కదరా. తెలీట్లా?"

చిటికెన వేలి వైపు అరచెయ్యి కమిలిపోయి ఉంది. నొప్పి మాత్రం లేదు. నిజం చెప్పాలంటే కాస్త గర్వపడ్డాను. కాలిన ఇనుము పట్టుకున్నా చలించనివాడే అసలు మెకానిక్కని మేం గొప్పగా చెప్పుకుంటాం. "నాయి ఇనప చేతులు భాయ్" అన్నాను. ఆయన నవ్వలేదు.

అప్పటికే కొన్ని నెలలుగా ఆ చిటికెన వేలూ, ఉంగరం వేలూ మొద్దుబారుతున్నాయి. ఎందుకో నాకు తెలుసనుకున్నాను. రాజు ఒక ఇంగ్లీషు పత్రికలో కేఫ్ రేసర్ అనే బండి బొమ్మ చూపించి, తన బుల్లెట్టుని అలా మార్చమన్నాడు. హ్యాండిల్ కిందికి దిగి ఉంటుంది, ఫుట్‌రెస్టులు వెనక్కి జరిగి ఉంటాయి, ఒక్కడే కూర్చునే సీటు, దాని వెనక ఎద్దు మూపురంలా ఒక ఎత్తు. తోలేవాడు ట్యాంకు మీద బోర్లా పడుకోవాల్సిందే. "కాఫీకి పోయేదానికి ఇంత వంగుడు ఏందిరా" అన్నాడు భాయ్. నాకు మాత్రం పిచ్చి పట్టింది. ముందు నా పాత జావా బండి మీదే చెయ్యి తిరగనిద్దామని దాని హ్యాండిల్ దించి, మాచర్ల దాకా తోలి వచ్చాను. ఒంటి బరువంతా మణికట్ల మీదే పడింది. అందుకే వేళ్ళు మొద్దుబారాయనుకుని హ్యాండిల్ కాస్త పైకి లేపాను. తగ్గలేదు. ఇంకాస్త లేపాను. జబ్బు నా చేతిలో ఉంటే వైద్యం బండికి చేస్తూ వచ్చాను.

కాలిన చోట కట్టు కట్టించుకోవడానికి వెళ్తే డాక్టరు నా చొక్కా చెయ్యి పైకి మడిచాడు. మోచేతి కింద రంగు తగ్గిన మచ్చ ఒకటి ఉంది. కిరసనాయిలుతో కడుక్కునే ఒళ్ళు కదా, దాని వల్లనేమో అనుకునేవాణ్ణి. ఆయన దూది పోగు ఒకటి తీసుకుని "కళ్ళు మూసుకో, తగిలినప్పుడు చెప్పు" అన్నాడు. కళ్ళు మూసుకుని ఎదురుచూశాను. "మొదలుపెట్టండి సార్" అన్నాను.

"ఇందాకే మొదలుపెట్టాను" అన్నాడాయన.

మోచేతి వెనక నరాన్ని వేలితో తడిమి, "అల్నార్ నర్వ్ థిక్ అయింది. లెప్రసీ అనుకుంటున్నా. గుంటూరు వెళ్ళి టెస్ట్ చేయించుకో" అన్నాడు.

మా వైపు ఆ జబ్బు పేరు కూడా ఎత్తరు, పెద్దరోగం అంటారు. నాకు చస్తానన్న భయం కలగలేదు. వేళ్ళు పోతాయనే భయపడ్డాను. బుల్లెట్టు ఇంజన్లో ట్యాపెట్లు సరిచేసేటప్పుడు లోపలి కడ్డీని వేళ్ళ మధ్య తిప్పి చూస్తాం. అది తేలిగ్గా తిరగాలి, కిందికీ మీదికీ ఆడకూడదు. ఆ తేడా వేళ్ళకే తెలుస్తుంది. వేళ్ళు వంకర్లు పోతే నేను ఇక ఎందుకూ పనికిరాను.

గుంటూరులో చెవి తమ్మె మీద గాటు పెట్టి స్కిన్ స్మియర్ తీశారు. నెగటివ్ వచ్చింది, అంటే జబ్బు లేదని కాదు, క్రిములు బాగా తక్కువని. అక్కడి డాక్టరు మొహమాటం లేని మనిషి. "నీ వల్ల ఎవరికీ అంటదు. కొత్త మందులు వచ్చాయి, ఆరు నెలలు వాడితే జబ్బు పోతుంది. పోయిన స్పర్శ వస్తుందని మాటివ్వలేను. ఉన్నది కాపాడుకుందాం" అన్నాడు. నెలకోసారి తన ఎదుటే రిఫాంపిసిన్ మింగించేవాడు, ఇంట్లో రోజూ డాప్సోన్. మొదటిసారి మూత్రం ఎర్రగా వస్తే ఇంక అయిపోయాననుకున్నాను. అది మందు రంగేనని చెప్పి నర్సు నవ్వింది.

ఇంట్లో నాకు నేనే ఒక కంచం వేరుగా పెట్టుకుని, వసారాలో కూర్చుని తినేవాణ్ణి. నా భార్య నాగమణి మూడు రోజులు చూసింది. నాలుగో రోజు వచ్చి నా కంచం లాక్కుని, నేను కలిపిన ముద్ద తినేసింది.

"అంటదని డాక్టరు చెప్పాడంటివి. ఆయన మాట నమ్మని వాడివి ఆయనిచ్చిన మందెందుకు మింగుతున్నావయ్యా?"

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె అన్నం తింటూనే ఉంది.

మూడో నెలలో మోచేతి నరం వాచి, తాకితే ప్రాణం పోయేంత నొప్పి వచ్చింది. చిటికెన వేలు లోపలికి వంగింది. మందే ముంచిందనుకుని మాత్రలు అటక మీదికి విసిరేశాను. నాగమణి అవి ఏరుకుని, నన్ను గుంటూరు బస్సెక్కించింది. డాక్టరు చిటికెన వేలికీ ఉంగరం వేలికీ మధ్య కాగితం పెట్టి లాగాడు. పట్టు లేక జారిపోయింది. "ఇది రియాక్షన్. చచ్చిన క్రిముల మీద ఒళ్ళు తిరగబడుతోంది, మందు తప్పు కాదు. మందు ఆపితే చెయ్యి పోతుంది" అని వాపు తగ్గడానికి ప్రెడ్నిసొలోన్ కలిపి, వేళ్ళు వంగకుండా చేతికి స్ప్లింట్ కట్టించాడు. రోజూ చెయ్యి నీళ్ళలో నానబెట్టి, నూనె రాసి, వేళ్ళు ఒక్కొక్కటే చాపాలి. విసుగు పుట్టించే పని. అయినా చేశాను.

ఎవరికీ చెప్పొద్దన్నాడు భాయ్. కానీ రాజు బండి సగంలో ఉంది. వాడికి అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాలేదు, ఉన్నదున్నట్టు చెప్పేశాను. వాడు నా చేతికున్న స్ప్లింట్ వైపు చూశాడు.

"తగ్గుద్దంటనా అన్నా?"

"తగ్గుద్దంట."

"అయితే తగ్గినాకే చెయ్యి. చానామంది బుల్లెట్లు రిపేరు చేస్తారుగానీ ఇట్టాంటిది చేసేవాడేడీ?"

ఆ తర్వాత మాట ఊళ్ళో పాకి, కొందరు మా షెడ్డుకి రావడం మానేశారు. వాళ్ళ మీద ఇప్పటికీ కోపముంది, దాచను. ఆరు నెలలు గడిచేసరికి వంగిన వేలు చాలావరకు చాపుకుంది. డాక్టరు మళ్ళీ కాగితం పెట్టి లాగితే ఈసారి చిరిగింది. రాజు బండికి హ్యాండిల్ దించాను, రేకుతో పొడుగాటి ట్యాంకు కొట్టించాను, ట్యాపెట్లు నా వేళ్ళతోనే సరిచేశాను. రొంపిచెర్ల రోడ్డులో నేనే ముందు తోలాను. యాక్సిలరేటరు పట్టు తప్పలేదు.

ఇప్పుడు మందులేమీ లేవు. వేడి బండి ముట్టుకునేటప్పుడు మందపాటి గుడ్డ చుట్టుకుంటాను, సాయంత్రం చేతులు కడుక్కుని కొత్త గాయాలేమైనా ఉన్నాయేమో కళ్ళతో వెతుక్కుంటాను. చిటికెన వేలికి స్పర్శ మాత్రం తిరిగి రాలేదు.

మాకు పాప పుట్టింది. నడక నేర్చుకుంటోంది. ఏ వేలు ఇచ్చినా వద్దంటుంది, వెతుక్కుని ఆ చిటికెన వేలే పట్టుకుంటుంది. పట్టుకుందని కిందికి చూస్తేనే నాకు తెలుస్తుంది. మీ ఒంటి మీద రంగు తగ్గిన మచ్చ ఉండి, దాని మీద దూది ఆనించినా తెలియకపోతే నొప్పి లేదు కదా అని ఊరుకోకండి. రేపే ఆసుపత్రికి వెళ్ళండి. నేను బండి హ్యాండిల్ సరిచేసుకుంటూ కూర్చున్న ఆ నెలల్లోనే నా వేలి స్పర్శ పోయింది.