అంగన్‌వాడీ మీద పాలరాయి

హనుమంతు ముప్పై రెండేళ్లు సినిమా సెట్లకు రంగులు వేశాడు. ప్లైవుడ్ చెక్కను పాలరాయి చేశాడు, అట్టముక్కను రాజమహలు స్తంభం చేశాడు. షూటింగు అయిన మర్నాడే వాటిని సుత్తులతో కూలగొట్టేవారు. "నువ్వు రంగులేసిన ఇల్లు ఒక్కటన్న నిలవడ్డదా?" అని భార్య సుబ్బులు నవ్వేది. ఆమె పోయి మొన్న ఉగాదికి ఏడాది. ఇప్పుడు సెట్లు కూడా తగ్గిపోయాయి. ఆకుపచ్చ గుడ్డ కట్టేసి మిగతాదంతా కంప్యూటర్లో గీసుకుంటున్నారు. రెండేళ్లుగా హనుమంతు బ్రష్షులు అటక మీద గట్టిపడి పడున్నాయి.

ఆ వేసవిలో హనుమంతు ఉండే ఫిలింనగర్ బస్తీకి ప్రభుత్వం వారి కూల్ రూఫ్ పథకం వచ్చింది. డాబా మీద ఎండను వెనక్కి కొట్టే తెల్లరంగు వేస్తారు. కింద గది చల్లబడుతుంది, ఫ్యాన్లకూ కూలర్లకూ కరెంటు తక్కువ కాలుతుంది. ఇంజనీరు ప్రణతి రాజమండ్రి అమ్మాయి. ముందు అంగన్‌వాడీ డాబాకు అతని చేత వేయించి చూస్తానంది. ఎండలు ముదిరాక పన్నెండు కొట్టకముందే పిల్లల్ని ఇళ్లకు పంపేయాల్సి వస్తున్న గది అది.

"ఇది బాగా వస్తే ఈ వీధిలో నలభై డాబాలూ మీకేనండీ, హనుమంతు గారూ" అందామె.

నలభై డాబాలు! హనుమంతు ఆ పూటే బ్రష్షులు దించి నానబెట్టాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం రెండింటికి ప్రణతి మెట్లెక్కి వచ్చి, పై మెట్టు మీదే ఆగిపోయింది. డాబా అంతా మీగడ రంగులో ఉంది. దాని మీద సన్నటి బూడిదరంగు తీగలు, అక్కడ చీలి ఇక్కడ కలుస్తూ, అచ్చం పాలరాయిలా పరుచుకుని ఉన్నాయి.

"ఏంటండీ ఇది?"

"మార్బుల్ మేడం" అన్నాడు హనుమంతు, చేతులు కట్టుకుని.

అంగన్‌వాడీ ఆయా దేవమ్మ వెనకాలే ఎక్కివచ్చింది. "ఎవరు చూస్తరని గీ సోకు, అన్నా? పావురాలా?"

"జూబ్లీహిల్స్ బంగళాలల్లకెల్లి చూస్తరు. చూడనీ, మనకు గూడ మార్బుల్ ఉన్నదని."

ప్రణతి వేడిని కొలిచే పరికరాన్ని పిస్తోలులా పట్టుకుని గురిపెట్టింది. రంగు వేయని గట్టు మీద యాభై ఎనిమిది డిగ్రీలు. హనుమంతు పాలరాయి మీద యాభై ఒకటి.

"నలభై అయిదు దాటకూడదండీ. రంగులో ఏం కలిపారు?"

"చిటికెడు నలుపు, రెండు చుక్కల పసుపు. జర డల్ చేసిన, అంతే. పచ్చి తెలుపు కెమెరా ముంగట మండిపోతది మేడం. తెల్ల చొక్కాను గూడ చాయ్ నీళ్లల్ల ముంచినంకనే హీరోకు తొడుగుతరు."

"గీడ కెమెరా ఏడున్నదన్నా?" అంది దేవమ్మ.

ప్రణతికి నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. "తెలుపు వెలుగుని తిరగ్గొడుతుందనే కదండీ కెమెరాకి పనికిరానిది. మీరు ఇన్నాళ్లూ వద్దనుకున్నదే మాకు కావాలి. ఎల్లుండి మళ్లీ వస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే పని వేరేవాళ్లకి ఇవ్వక తప్పదు."

మర్నాడు పొద్దున్నే ఎండ రాకముందే హనుమంతు తెల్లరంగు డబ్బా మూత తీశాడు. కర్రతో కలుపుతూ అలవాటుగా ఎడమచెయ్యి పక్కకు చాపాడు. చేతికి ఏమీ తగల్లేదు.

"దేవమ్మా! నల్ల డబ్బా ఏడ పోయింది?"

"కోడిగుడ్ల అల్మారల పెట్టి తాళమేసిన" అని కిందనుంచి కేక. కాసేపటికి గ్లాసు పట్టుకుని వచ్చింది. "చాయ్ తెచ్చిన. తాగుతవా, రంగుల పోస్తవా?"

తాగాడు. తాగి, పాలరాయిని తన చేత్తోనే మూల నుంచి చెరుపుకుంటూ వచ్చాడు. నీడ వేయడానికి లేదు, గీత గీయడానికి లేదు, పాతబడినట్టు చూపించడానికి లేదు. ఉత్త తెలుపు. ఎండ ఎక్కేసరికి కళ్లు తెరవలేక, ఏనాడో ఒక డూపు వదిలేసి వెళ్లిన నల్లకళ్లద్దాలు తెచ్చి పెట్టుకున్నాడు. రెండో పూత వేస్తుంటే తట్టింది, దీన్ని రేపు ఎవడూ సుత్తితో కొట్టడు. వానాకాలం దాటి వచ్చే ఎండాకాలానికి కూడా ఇక్కడే ఉంటుంది. ఆ మాట చెప్పడానికి సుబ్బులు ఉంటే బాగుండుననిపించింది. కళ్లద్దాలు ఒకసారి తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు.

అన్న రోజుకు ప్రణతి వచ్చింది. కింద గది ముందు దేవమ్మ పెదవుల మీద వేలు పెట్టింది. రెండు దాటినా పిల్లలు ఒకళ్ల మీద ఒకళ్లు కాళ్లు వేసుకుని నిద్రపోతున్నారు. ప్రణతి పైకెళ్లి, అరచెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని గురి చూసింది.

"నలభై మూడు!"

హనుమంతు ఊపిరి వదిలాడు. ఆమె నాలుగు మూలలూ చూసుకుంటూ నీళ్ల ట్యాంకు దగ్గర వంగింది. ట్యాంకు కింద నీడలో చెరపకుండా వదిలిన జానెడు మేర మీగడ రంగు, దాని మీద మూడు బూడిదరంగు తీగలు.

"ఇదేంటండీ?"

"ట్యాంకు కింద ఎండ పడదు గద, మేడం."

ప్రణతి దాని మీదకు గురిపెట్టబోయి, పరికరాన్ని సంచిలో పెట్టేసుకుంది.

"మిగతా ముప్పై తొమ్మిది డాబాల మీదా ట్యాంకులున్నాయా?"

"అన్నిటికున్నయి మేడం" అన్నాడు హనుమంతు.