అత్త దిద్దుకున్న పాఠం

మా మేనత్త పోయిందన్న కబురు తిరుప్పూరు వెళ్ళే బస్సులో ఉండగా తెలిసింది. చుట్టాల గ్రూపులో తమ్ముడు గొంతు రికార్డు చేసి పంపాడు. మావాళ్ళలో చాలామందికి తెలుగు మాట్లాడడమే కానీ చదవడం రాదు, అందుకని పెళ్ళి కబురైనా చావు కబురైనా మాకు గొంతుతోనే వస్తుంది. విన్నాను, కానీ నమ్మలేదు. ఏ కబురైనా ఇంకొకచోట అడిగి తెలుసుకోకుండా నమ్మొద్దని ఏళ్ళ తరబడి పిల్లలకు చెప్పిన మనిషి ఆవిడే. అందుకే నేరుగా వాళ్ళింటికి ఫోను చేశాను. ఆవిడ కోడలు ఎత్తింది.

"నిజమే అక్కా. పొద్దున్నే కాఫీ తాగి కూచున్నాది. అట్లే ఒరిగిపొయ్యె."

తరువాతి స్టాపులో దిగి, కోయంబత్తూరు వెళ్ళే బస్సు కోసం రోడ్డుకు అవతలి పక్కన నిలబడ్డాను. ఏడుపు రాలేదు. విపరీతంగా అలసటగా అనిపించింది. ఇప్పటికీ ఆ అలసట తీరలేదు.

అత్త కోయంబత్తూరు ఆర్.ఎస్. పురంలో ఉండేది. బడిలో లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయింది. హాయిగా ఇంట్లో కూర్చోక, ఆదివారం ఆదివారం రెండు బస్సులు మారి ఊరి చివర మేమున్న చోటికి వచ్చేది. సగం నల్లరేగడి చేలు, సగం మిల్లు కూలీల ఇళ్ళు ఉన్న తెలుగు పేట మాది. మా కల్యాణ మండపంలో మేడ మీది భోజనాల హాలు ముహూర్తాలు లేని రోజున ఖాళీగా ఉంటుంది. అక్కడ పిల్లలను పోగేసి, ఫోను ఎలా వాడాలో, ఎవరిని నమ్మాలో, ఎవరిని నమ్మకూడదో చెప్పేది. మోకాళ్ళ నొప్పులతో మెట్టు మెట్టుకూ ఆగుతూ ఎక్కేది. పైకి రాగానే మొదట చేసే పని పిల్లలను లెక్కపెట్టడం.

మొదటి రోజు ఆమె చేసింది నాకింకా కళ్ళ ముందే ఉంది. ముందు వరసలో ఉన్న ఒక అమ్మాయిని ఇంటిపేరు అడిగింది. ఆ అమ్మాయి చెప్పింది. అత్త ఆ అమ్మాయి ఫోను తీసుకుని అందులో ఆ ఇంటిపేరు కొట్టి, దాని వెనక ఒకటి రెండు మూడు చేర్చింది. ఫోను తెరుచుకుంది. హాలంతా ఒకటే నవ్వు. ఆమె రెండో వరస వైపు తిరగగానే అందరూ ఫోన్లు గుండెలకు హత్తుకున్నారు.

"నవ్వేది చాలు. ఊరంతా ఒకే తాళంచెవి పెట్టుకోనుండారు. వచ్చే వారానికి అందురూ మార్చుకోని రావాల" అంది.

తల్లులను కూడా పిలిచి కూర్చోబెట్టేది. మాకు పెట్టిన నియమం ఒక్కటే. "పిల్ల వచ్చి ఏందైనా చెప్తే, ముందు ఒక చెంబు నీళ్ళు తాగండి. చెంబు ఖాళీ అయ్యేదాకా నోరు తెరవొద్దు. అప్పురం మాట్లాడుకోవచ్చు." మేం నవ్వుకున్నాం. అందరికంటే గట్టిగా నవ్విందాన్ని నేనే.

మా అమ్మాయి అప్పుడు పన్నెండో తరగతి. ఫోటోలు పెట్టుకునే యాప్‌లో ఎవడో దాన్ని పలకరించాడు. మధురై పక్క ఊరన్నాడు. చక్కటి తెలుగులో, మేం ఇంట్లో మాట్లాడే తెలుగులోనే గొంతు పంపాడు. "మాదీ మీ ఇంటిపేరేలే చెల్లీ" అన్నాడు. తమిళనాట మా మధ్య ఇద్దరు తెలుగువాళ్ళు కలిస్తే ముందు అడిగేది ఇంటిపేరే. ఒకే ఇంటిపేరైతే అన్నదమ్ముల వరస. అలాంటివాణ్ణి ఇంటికి పిలిచి అన్నం పెడతాం, వాణ్ణి తోడిచ్చి ఆడపిల్లను బస్సెక్కిస్తాం. మా ఇంటిపేరు దాని ఖాతాలోనే రాసి ఉందని, వాడు అక్కడే చదివాడని ఆ పిల్లకు తట్టలేదు. నెల రోజులు అన్నా అన్నా అంది. ఒకరోజు వాడు, నీ ఫోనుకు ఒక నెంబరు వస్తుంది, చెప్పమన్నాడు. చెప్పింది. అంతే, ఖాతా వాడి చేతికి పోయింది. దాని పేరు మీద క్లాసు పిల్లలందరికీ నోటితో చెప్పలేని మాటలు రాసి పంపాడు.

అమ్మాయి వచ్చి నాతో చెప్పింది. అత్త నేర్పినట్టే ముందు ఇంట్లోనే చెప్పింది. నేను చెంబు జోలికి పోలేదు. ఫోను గోడకేసి కొట్టాను. దాన్ని కూడా కొట్టాను. రేపటి నుంచి బడి లేదు, ఏమీ లేదు, ఇంట్లో పడుండమన్నాను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది, అయినా రాస్తున్నాను.

తొమ్మిది రోజులు పిల్ల గడప దాటలేదు. అత్త రోజూ వచ్చింది. ఫిర్యాదు పెట్టించడం, ఖాతా వెనక్కి రప్పించడం, బడికి వెళ్ళి టీచర్లతో మాట్లాడడం అన్నీ తనే చేసింది. సాయంత్రం వచ్చి మా అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చునేది. నన్ను ఒక్క మాట అనలేదు. తొమ్మిదో రోజు మటుకు అంది.

"తప్పు నాది అమ్మిణీ. తెలియనోళ్ళతో మాట్లాడొద్దని చెప్పినా. ఇంటిపేరు చెప్పినోడు మనకు తెలియనోడు ఎట్లయితాడు? పుస్తకంలో ఉండేది చదివి చెప్పినానే కానీ, మనోళ్ళు ఎట్ల నమ్ముతారో నేను యోచన చెయ్యలేదు. పాఠంలోనే బొక్క ఉండె. పిల్లను బడికి పంపు."

పంపాను. ఆ వారం అత్త తన నోటుపుస్తకంలో మొదటి పాఠం కొట్టేసి కొత్తగా రాసుకుంది. తర్వాత నా దగ్గరికి వచ్చి, జరిగింది పిల్లలకు చెప్పనా అని అడిగింది. వద్దన్నాను. పేరు లేకపోయినా ఊరికి తెలిసిపోతుందని నా భయం. చివరికి ఊరు మార్చి చెప్పుకోమన్నాను.

తేనిలో ఒక పిల్ల అని మొదలుపెట్టింది. సగం చెప్పేసరికి పిల్లలు నవ్వడం మొదలుపెట్టారు. "అంత పిచ్చిదా అవ్వా?" అన్నారెవరో. మూడో వరసలో కూర్చున్న మా అమ్మాయి కూడా వాళ్ళతో కలిసి నవ్వింది. అత్త దాని ముఖం చూసి అక్కడితో ఆపేసింది. మళ్ళీ ఎప్పుడూ ఆ కథ చెప్పలేదు.

బస్టాపు దాకా నడుస్తూ నాతో అంది. "దూరం ఊరి కత ఎవురికీ తగలదు. మన పిల్లే చెప్తేనేదా తగుల్తాది."

"వద్దత్తా" అన్నాను.

"సరి" అంది. తర్వాత ఆ మాట ఎత్తలేదు. తను అడిగి నేను కాదన్న పని అదొక్కటే.

చివరి ఏడాది బాగా అలిసిపోయింది. పోయిన వారం పాఠం ఈ వారానికి పాతదయ్యేది. కొత్త యాప్, కొత్త మోసం, ఇప్పుడు మనవాళ్ళ గొంతునే తయారుచేసి పంపేవాళ్ళు కూడా వచ్చారు. క్లాసు అయ్యాక కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకునేది. ఇక చాలించమంటే, "నాకూ చాలనే ఉండాది. వానికి చాలదే, ఏమి చేసేది?" అనేది. ఆ మోసం చేసేవాడెవడో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

కర్మలన్నీ అయ్యాక వచ్చిన ఆదివారం, ఇక క్లాసు లేదని చెప్పి పిల్లలను పంపేద్దామని హాలుకు వెళ్ళాను. కాలేజీలో చదువుతున్న మా అమ్మాయి కూడా వెంట వచ్చింది. పిల్లలు ముందే వచ్చి వరసల్లో కూర్చున్నారు. నేను నోరు తెరిచేలోగా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, నేను చెప్పనా?"

ఏం చెబుతానంటోందో నాకు తెలుసు. వద్దు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. సరేనని తలూపి, వెళ్ళి వెనక బెంచీ మీద కూర్చున్నాను.

"అవ్వ ఒకసారి తేని పిల్ల కత చెప్పింది కదా" అంది మా అమ్మాయి. "తేని లేదు, ఏమీ లేదు. ఆ పిల్ల నేనుదా."

ఈసారి ఎవరూ నవ్వలేదు. అది మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. నేను కొట్టింది కూడా దాచలేదు. నేను తలవంచుకుని విన్నాను.

అయిపోయాక పిల్లలు ఒక్కొక్కరే లేచి వెళ్ళారు. ఏడో తరగతి పిల్ల ఒకతి మాత్రం వెళ్ళలేదు. తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"పెద్దమ్మా, నాకూ ఒక అన్న మెసేజీలు పంపిస్తా ఉండాడు. మా ఇంటిపేరే అంట. మా అమ్మకు చెప్పొద్దండి."

పక్కకు జరిగి చోటిచ్చాను. కూర్చుంది. రెండు చేతులతో బిగించి పట్టుకున్న ఫోను దాని ఒళ్ళో అదురుతూనే ఉంది. వాడు ఇంకా పంపుతూనే ఉన్నాడు.