బొంత కప్పిన ఆటమిషను

మొన్న ఆదివారం మా మనవరాలు ఆట ఆడుకుంటూ ఉండగా దాని కంప్యూటరు ఉన్నట్టుండి ఆరిపోయింది. ఇదేమీ కొత్త కాదు, కొన్నాళ్లుగా దానికి అదే రోగం. ఊరకే పెడితే గంటలకొద్దీ పాటలు వినిపిస్తుంది, పాఠాలు చూపిస్తుంది, ఆట మొదలుపెట్టి కాస్త రసపట్టులో పడగానే కళ్లు మూసేస్తుంది. మా అబ్బాయి కరెంటును తిట్టాడు, కోడలు ఆటనే తిట్టింది, పిల్ల మాత్రం ఎవరినీ తిట్టకుండా తెర మూలన ఒక చిన్న అంకె కనబడేట్టు చేసి, ఆడుతూ ఆడుతూ ఆ అంకె వైపే చూస్తూ కూర్చుంది. అదేమిటే అని అడిగితే, లోపలి వేడి తాతా అంది. అంకె పెరుగుతూ పెరుగుతూ పోయి, ఒక చోటికి చేరేసరికి తెర చీకటైంది. అప్పుడు పిల్ల పక్క పలక విప్పి, లోపలి ఫ్యాను వెనక అట్టకట్టుకుపోయిన బూడిదరంగు పొర ఒకటి వేళ్లతో లాగి, నా అరచేతిలో పెట్టి, చూడు ఎంత దుమ్మో అంది. ఆదోనిలో పుట్టి పెరిగినవాడికి దాన్ని దుమ్మంటే ఎట్లా? నూలు పోగులూ నుసీ కలిసిన దూది అది.

మన ఈడు వాళ్లకు ఆ రోజుల ఆదోని గురించి నేను చెప్పనక్కరలేదు. సీజను వచ్చిందంటే పత్తి బండ్లు మార్కెట్ యార్డు నుంచి రోడ్డు మీదికి బారులు తీరేవి, జిన్నింగు మిల్లుల చప్పుడు ఊరికి ఊపిరి చప్పుడులాగా ఉండేది, కరెంటు తీగల మీద, ముళ్లచెట్ల మీద, టీ కొట్టు గ్లాసుల మీద కూడా దూది పింజలు వాలి ఉండేవి. మేము దూదేకుల వాళ్లం. మా నాయన పంచలో కూర్చుని విల్లుతో దూది ఏకేవాడు, మా అమ్మ ఆ దూదితో బొంతలు కుట్టేది. ఎంత మందం పెట్టాలో, కుట్టుకూ కుట్టుకూ మధ్య ఎంత ఎడం ఉండాలో చెప్పడానికి అమ్మకు టేపు అవసరం లేదు, చేత్తో తడిమితే చాలు. ఊళ్లో ఏ ఇంట బిడ్డ పుట్టినా ముందు మా ఇంటికి కబురు వచ్చేది. పెళ్లికి పరుపులూ, ముసలివాళ్లకు మెత్తలూ, చలికి బొంతలూ, ఏ మేలు చేయాలన్నా మా ఇంట్లో దూదితోనే చేసేవాళ్లం. వేరే దారి మాకు తెలియదు.

నాకు ఒక్కడే అన్న, నాకంటే ఆరేడేళ్లు పెద్ద. మీసం రాకముందే జిన్నింగు మిల్లులో చేరాడు. గింజ వేరయ్యే చోట నిలబడే పని. సాయంత్రం ఇంటికి వస్తే కనురెప్పల మీద కూడా దూది ఉండేది, నవ్వితే పళ్లు మాత్రం కనబడేవి, అప్పుడు మేమంతా ముసలోడు వచ్చినాడని ఎగతాళి చేసేవాళ్లం. తర్వాత తర్వాత దగ్గు మొదలైంది. మొదట వారానికొకనాటి సెలవు తర్వాత మిల్లుకు పోయిన రోజున మాత్రమే ఛాతీ పట్టేసేది, ఆపైన రోజూ పట్టేసింది, పెళ్లయిన కొన్నేళ్లకే నాలుగు మెట్లు ఎక్కితే నిలబడి ఊపిరి పీల్చుకునే స్థితికి వచ్చాడు. పెద్దాసుపత్రి డాక్టరు మందులు రాసి, మందులకన్నా ముందు మిల్లు మానేయమన్నాడు. మానేసి ఏం తినాలో డాక్టరు చెప్పలేదు, అది ఆయన పని కూడా కాదు.

ఆ సమయంలో బెంగళూరులో ఉండే మా మేనమామ దేవుడిలాగా ఒక దారి చూపించాడు. ఆయన కొట్టులో బిళ్ల వేసి ఆడుకునే వీడియో ఆటమిషను ఒకటి ఉండేది, దాని స్థానంలో కొత్తది కొన్నాడు గనుక పాతదాన్ని లారీలో వేసి మాకు పంపించాడు. ఇంటి ముందరి రేకుల గదిలో పెట్టుకో అల్లుడా, కూర్చుని చేసుకునే పని, ఇది చక్కగా నడిస్తే నీదే, నడవకపోతే పత్తి సీజనుకు ముందు నేను వచ్చి తీసుకుపోతాను అని అన్నతో అన్నాడు. ఇటు మిల్లు మేస్త్రీ కూడా కబురు పంపాడు, సీజను మొదలయ్యేనాటికి వస్తే సరి, లేకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇస్తానని. అంటే ఆ మిషను నిలబడితే అన్న బయట ఉంటాడు, నిలబడకపోతే మళ్లీ దూదిలోకి పోతాడు.

ఎనభైల నడిమి కాలం అది. ఊళ్లో టీవీలే వేళ్ల మీద లెక్కపెట్టేన్ని, అటువంటిది బీరువా అంత పెట్టె, అందులో రంగుల తెర, పైనుంచి దిగే వింత పడవలను కింద నుంచి మనం కాల్చడం! కాలేజీ పిల్లలు, మిల్లు కుర్రాళ్లు, బేరాలకు వచ్చిన రైతులు కూడా ఎగబడ్డారు. మిషను వచ్చిన రోజునే అమ్మ దాన్ని చుట్టూ తిరిగి చూసి, పక్కనే నాయన దూది ఏకుతుంటాడు, ఈ నుసి లోపలికి పోతే ఇంత ఖరీదైన వస్తువు ఏం కావాలని బెంగపడింది. ఆ వారమే దానికొక బొంత కుట్టింది. అంగడికి అమ్మే బొంత కాదు, నూలుచీర ముక్కలతో, ఏరి ఏరి పెట్టిన తెల్లటి దూదితో, పెళ్లికూతురికి కుట్టినంత శ్రద్ధగా కుట్టింది. తెరకు ఒక కిటికీ, మీటలకు ఒక కిటికీ, బిళ్ల వేసే చోట ఒక చిన్న కన్నం వదిలి, మిగతా మిషనునంతా పైనుంచి కిందిదాకా వెనక వైపుతో సహా కప్పేసింది. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను.

కొన్నాళ్లు బాగానే నడిచింది. ఆపైన ఆట మధ్యలో తెర బిగుసుకుపోవడం మొదలైంది. పడవ ఎక్కడిదక్కడ ఆగిపోయేది, లేదా తెర నిండా పిచ్చిగీతలు పడేవి, లేదా ఒక్కసారిగా అంతా నల్లగా అయ్యేది. మళ్లీ నిలిసిపోయెనే అని కుర్రాళ్లు గోల పెట్టేవాళ్లు, అన్న లేచి స్విచ్చి ఆపి వేసి, వాళ్లకు ఇంకో ఆట ఊరకే ఇచ్చేవాడు. నాయన దిష్టి అన్నాడు. నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టాం, వదిన దర్గా నుంచి తాయెత్తు తెచ్చి తెర పైన వేలాడదీసింది, గురువారం ఊదు వేశాం. మిషను తాయెత్తుతో సహా ఆగిపోయింది.

అప్పుడు నేను ఎమ్మిగనూరులో ఒక రేడియో, టీవీ రిపేరు షాపులో పని చేస్తుండేవాణ్ణి. చుట్టూ వీధుల్లో మగ్గాల చప్పుడు, మధ్యలో మా షాపులో రేడియోల గురగుర. సెలవు రోజు వచ్చిందంటే మీటరు, సాల్డరింగు కడ్డీ సంచిలో వేసుకుని ఆదోని బస్సెక్కేవాణ్ణి. మొదట మా ఊరి కరెంటును అనుమానించాను, ఏదో ఒక మోటారు మొదలైతే చాలు దీపాలు ఎర్రబడే ఊరు మనది. స్టెబిలైజరు పెట్టాం, ఫలితం లేదు. తర్వాత మీటల తీగలు చూశాను, వదులైనవి అతికాను. బోర్డు మీద సాకెట్లలో కూర్చున్న చిప్పులను ఒక్కొక్కదాన్నీ బొటనవేలితో నొక్కి బిగించాను. లోపల వోల్టేజి సరిగా వస్తోందో లేదోనని మీటరు తగిలించి, అన్నను ఆడమని, ముల్లు వైపే చూస్తూ కూర్చున్నాను. చిత్రమేమంటే, నేను చూస్తున్నంతసేపూ మిషను బుద్ధిమంతుడైన పిల్లవాడిలాగా ఆడేది. డాక్టరు గుమ్మంలోకి రాగానే జ్వరం దిగిపోయినట్టు ఉండేది దాని వ్యవహారం. బాగైందని సంతోషపడి నేను ఎమ్మిగనూరుకు పోవడం, పోయిన మర్నాడే షాపు ఫోనుకు అన్న కబురు రావడం. రోగం ఎదురుగా కనబడకపోతే ఏ వైద్యుడైనా ఏం చేస్తాడు? నాకు ఆ మిషను మీద కసి పుట్టింది, రోజురోజుకూ ఏకు మేకై కూర్చుంది.

శ్రావణం ముసురు పట్టింది. సీజను దగ్గరపడుతోంది, మామ వస్తున్నానని ఉత్తరం రాశాడు. ఆ వారం నేను వచ్చేసరికి అన్న ముఖం చూడలేకపోయాను. చలిగాలికి ఊపిరి మరీ పట్టేస్తోందని అమ్మ అతని భుజాల చుట్టూ ఒక దుప్పటి, దాని మీద ఇంకో బొంత కప్పింది. పంచలో నాయన ఏకుతున్న దూది ఎగిరి వస్తుందని గది కిటికీ మూసి, సందుల్లో గుడ్డలు కుక్కింది. ఆ మూసిన గదిలో ఒక పక్క బొంత కప్పుకుని మిషను, పక్కన స్టూలు మీద బొంత కప్పుకుని అన్న. ఇద్దరు కుర్రాళ్లు ఆడుతున్నారు. నేను ఇంకా సంచి కూడా విప్పలేదు, తెర బిగుసుకుపోయింది.

కుర్రాళ్లు మూలిగారు. స్విచ్చి కోసం లేవబోయిన అన్నకు దగ్గు తెర వచ్చింది. ఎంతకీ ఆగని దగ్గు, ముఖం నల్లబడింది, కళ్లు బయటికొచ్చాయి. నేను పట్టుకోబోతే నన్ను తోసేసి, ఒంటి మీది బొంతనూ దుప్పటినీ లాగి అవతల పారేసి, కిటికీ గుడ్డలు పీకి తలుపు తోసి, కమ్మీలకు ముఖం ఆనించి గాలి కోసం ఆవురావురుమన్నాడు. వాన జల్లు ముఖాన కొడుతోంది. కొంతసేపటికి ఊపిరి దారిలో పడింది. అప్పుడు వెనక్కి తిరిగి మిషను వైపు చూశాడు. ఏదో తట్టినవాడిలాగా నెమ్మదిగా వచ్చి, బొంతకూ మిషను వీపుకూ మధ్య చెయ్యి దూర్చి, పసిబిడ్డ నుదురు చూసినట్టు చూశాడు.

"రేయ్, దీని ఒళ్లు సూడు, కాలిపోతాంది. దీనికీ ఊపిరాడ్తాలేదురా" అన్నాడు.

నేనూ చెయ్యి పెట్టాను, చురుక్కుమంది. వెనక గాలి కోసం ఉన్న కన్నాలన్నీ మా అమ్మ కుట్టిన బొంత కింద ఉన్నాయి. నేను పరీక్షించిన ప్రతిసారీ చేసిన మొదటి పని ఆ బొంత తీసి మడతపెట్టడం, వెనక తలుపు తీసి పెట్టడం. చల్లగాలి తగలగానే అది బాగైపోయేది, నేను పోగానే దాన్ని మళ్లీ భద్రంగా కప్పేవాళ్లు. ఇద్దరం కలిసి బొంత తీసేశాం. వెనక తలుపు విప్పి, ఫ్యానుకు చుట్టుకున్న దూదిని పుల్లతో లాగేశాను. ఆ సాయంత్రం దాకా కుర్రాళ్లు ఆడుతూనే ఉన్నారు, మిషను ఒక్కసారి కూడా ఆగలేదు.

ఇక అమ్మకు చెప్పాలి. గుమ్మంలో నిలబడి, మడతపెట్టిన బొంత వైపు చూస్తోంది. "తీసేసినారేం? దూది పడితే సెడిపోతాది గదప్పా" అంది. నేను నోరు తెరిచేలోగా అన్న ఆ బొంతను గుండెకు హత్తుకుని, "ఇంత మెత్తంది మిషనుకు యాలమ్మా? నాకియ్యి, నేను పండుకుంటా" అన్నాడు. అమ్మకు సంగతి తెలియలేదని నేను అనుకోను, ఎందుకంటే ఆనాటి నుంచి అన్న పడుకునే చోట కిటికీ ఆమె ఎప్పుడూ మూయలేదు. నాయన కూడా విల్లు తీసుకుని పెరటి చివరి పాకలోకి మారాడు, ఎవరూ చెప్పకుండానే.

మామ వచ్చి రెండు రోజులు కూర్చుని చూసి, మిషను వదిలేసి పోయాడు. మేస్త్రీకి మేము కబురు పంపలేదు, అదే మా జవాబు. ఆ సీజనులో మిల్లు కూత వినబడినప్పుడు అన్న గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చుని, పనికి పోయేవాళ్లను పలకరిస్తూ నవ్వాడు. అంత హాయిగా అతను నవ్వడం నేను అంతకుముందు చూడలేదు, ఇప్పటికీ తలుచుకుంటే ఆ ముఖమే తలుచుకుంటాను.

అయితే లోపలికి పోయిన దూది లోపలే ఉంది. మిషను ఫ్యానును పుల్లతో శుభ్రం చేశాను గానీ అన్న ఛాతీని ఎవరం ఏం చేయగలం? కొన్నేళ్లు బతికాడు, బిడ్డల ముచ్చట్లు కొన్ని చూసుకున్నాడు, ఒక తెల్లవారుజామున ఆ కిటికీ పక్కనే, ఆ కిటికీలున్న బొంత మీదే పోయాడు. పాత బొంత విప్పి, దూది మళ్లీ ఏకి, కొత్తది కుట్టడం మా ఇళ్లలో రివాజు. ఆ ఒక్క బొంతను మాత్రం అమ్మ బతికున్నన్నాళ్లూ ఎవరినీ విప్పనివ్వలేదు. మిషను ఆ తర్వాత కూడా చాలాకాలం ఆడింది.

ఇప్పుడు ఆ మిల్లుల్లో చాలావాటికి తాళాలు పడ్డాయి, కొన్నిటి స్థలంలో ఇళ్లు లేచాయి. విల్లు చప్పుడు విని ఎన్నేళ్లయిందో. బొంతలు ప్లాస్టిక్ సంచుల్లో షాపుల నుంచి వస్తున్నాయి, వాటి లోపల ఉన్నది దూదో కాదో కూడా మనకు తెలియదు. ఆ ఆదివారం మనవరాలు ఫ్యాను బిగించి, మళ్లీ ఆట మొదలుపెట్టింది. అంకె ఎక్కడం మానేసి ఒకచోట నిలిచింది. వేడెక్కితే ఇది ఎందుకు ఆరిపోతుందే, చెడిపోయినందుకా అని అడిగాను. చెడిపోకుండా ఉండటానికే తాతా, ఇక తట్టుకోలేనని దానికి తెలుస్తుంది, అప్పుడు తనంతట తనే ఆగిపోతుంది అని చెప్పింది పిల్ల, అదేదో చాలా మామూలు సంగతి అన్నట్టు. మా అన్నకు ఆ విద్య తెలియదు. అతను ఏనాడూ మధ్యలో ఆగలేదు, సాయంత్రం మిల్లు కూత వినబడేదాకా ఆ దూదిలో అట్లాగే నిలబడేవాడు.